ఆరు నిమిషాల చెయ్యి

డాక్టర్ ఆశీర్వాదం గారు చనిపోయిన ఏడాది, మా జిల్లాలో అందరికన్నా ఎక్కువమంది ముసలివాళ్ళని చూసిన డాక్టరు ఆయనే.

బతికున్న డాక్టర్లు కొంచెం సిగ్గుపడ్డారు గానీ పోటీకి మాత్రం రాలేదు. వచ్చేంత రేటు లేదు మరి.

రేటంటే చెప్తా. వార్ధక్య రక్ష అని ప్రభుత్వ బీమా ఒకటుంది. అరవై ఐదు నిండినవాళ్ళు కార్డు గీకితే చాలు, డాక్టరు చూస్తాడు, డబ్బులు ప్రభుత్వం ఇస్తుంది. మనిషికి ఆరు నిమిషాలు, నూట పది రూపాయలు. అదే ముప్పై ఏళ్ళవాడికి జలుబు చేస్తే ఇంకో బీమా మూడొందలిస్తుంది. వయసు పెరిగితే రేటెందుకు తగ్గిందని ఎవరో అడిగారట. పెద్దవాళ్ళు తరచుగా వస్తారు కాబట్టి హోల్‌సేల్ అన్నారట.

ఆరు నిమిషాలకి సెకను తగ్గినా పైసా రాదు. గంట ఎక్కువైనా అదే నూట పది. దాంతో చీరాలలో డాక్టర్లంతా ఒకరి వెనక ఒకరు పిల్లల డాక్టర్లైపోయారు. గుండె డాక్టరొకాయన రాత్రికి రాత్రి మొటిమలకి మారిపోయాడు. ఇటు వేటపాలెంలో మిగిలింది ఆశీర్వాదం గారొక్కరే. ఆయనకి మారడం చేతకాదు. చొక్కా మార్చుకోమని కూడా వాళ్ళావిడ కరుణమ్మ గారే గుర్తుచెయ్యాలి.

ఆయన పద్ధతి ఒకటే. ఎదురుగా కూర్చోబెట్టి మణికట్టు పట్టుకునేవారు. నాడి చూడ్డానికి పావు నిమిషం చాలు. ఈయన వదిలేవారు కాదు. ఏమీ అడిగేవారూ కాదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చునేవారు. రెండో నిమిషంలో అవతలి మనిషి నోరు తెరిచేవాడు. ముందు మోకాళ్ళు, తర్వాత నిద్ర, అవన్నీ అయ్యాక అసలు సంగతి. నలభై ఏళ్ళు మగ్గం నేసిన కోటయ్య గారు, "బీపీ బిళ్ళ వేసుకోవట్లేదండీ, మా ఆవిడ ఇచ్చేది, ఇప్పుడు డబ్బా తియ్యాలంటే ఆవిడే గుర్తొస్తుంది" అని ఒప్పుకున్నది పద్నాలుగో నిమిషంలో. రేట్ల పట్టిక ప్రకారం కోటయ్య గారు అప్పటికి ఎనిమిది నిమిషాల క్రితమే ఇంటికెళ్ళిపోయి ఉండాలి.

ఇక నా సంగతి. నా పేరు శేషుకుమారి, శేషు అంటారు. చీరాలలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పెట్టుడు చేతులు తయారుచేస్తా. చిన్నప్పుడు మా నాన్నమ్మ వెంట ఈ క్లినిక్కి వచ్చి, ఆయన స్టెతస్కోపులో దూది కుక్కేసిన దాన్ని. ఆయన వరసగా ముగ్గురిని చూసి, "ఇవాళ ఊరంతా ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. నాలుగో మనిషి మా నాన్నమ్మ. ఆవిడ నోరు విప్పితే దూదేం ఆపుతుంది, అలా దొరికిపోయా. ఆయన తిట్టలేదు. దూది తీసి నా చేతిలో పెట్టి, "మళ్ళీ ఎప్పుడైనా బాగా అలిసిపోయిన రోజు చెప్తాలే, పెడుదువు గానీ" అన్నారు.

కరుణమ్మ గారికి ఒకే ఒక్క కోరిక. శనివారం సాయంత్రం ఆయనతో కలిసి రామాపురం బీచికి వెళ్ళాలి. ఆటోలో పదహారు నిమిషాలు. ఇంతకన్నా చవక కోరిక కోరిన మనిషిని నేను చూళ్ళేదు. ఆవిడ శనివారం నాలుగున్నరకి మంచి చీర కట్టుకుని క్లినిక్కి వచ్చేది. ఆయన పేషెంటుని పట్టుకున్న చెయ్యి వదలకుండా తలెత్తి, "నువ్వు పద కరుణా, వస్తా" అనేవారు. ఆవిడ నిజంగానే వెళ్ళేది. ఇసకలో నిలబడేది. చీకటి పడబోతుంటే ఆటో ఎక్కి వచ్చేసేది. ఇలా ముప్పై ఒక్క ఏళ్ళు. బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ మొదట్లో రెండు పొత్తులు కాల్చేదట. తర్వాత తర్వాత అడక్కుండానే ఒకటి కాల్చేది.

ఒకరోజు కరుణమ్మ గారు మా ల్యాబుకొచ్చి, బల్ల మీద వరసగా పెట్టిన చేతుల్ని కూరగాయలు చూసినట్టు చూసి, "ఇన్ని చేస్తున్నావు గదే. మా ఆయనకి ఒకటి ఎక్కువ చేసిపెట్టు. శనివారం అది చూసుకుంటుంది పేషెంట్లని" అంది.

నవ్వా. తర్వాత నిద్రపట్టలేదు.

డాక్టరు గారి కుడిచేతికి పల్చటి తొడుగు ఒకటి కుట్టా, ఉల్లిపొర కన్నా కొంచెం మందం. నాలుగు నెలలు అది వేసుకుని పేషెంట్లని చూశారు. ఎంత గట్టిగా పట్టుకుంటారు, ఎంతసేపు ఆగుతారు, నాడి తప్పుతుంటే ఏ వేలు ముందు కదులుతుంది, కాలి వాపు చూడ్డానికి ఎక్కడ నొక్కుతారు, మనిషి ఏడవబోతుంటే పట్టు ఎలా వదులవుతుంది, అన్నీ ఆ తొడుగు నేర్చుకుంది. దానికి కళ్ళూ చెవులూ పెట్టలేదు. మనిషిని నాడితోనే గుర్తుపడుతుంది. గేటు చప్పుడు వినగానే మీ అత్తగారొచ్చారని మీకు తెలిసిపోదూ, అలాగ. ప్రతి నాడికీ ఒక నడక ఉంటుంది.

నేర్చుకున్నదంతా ఒక రబ్బరు చేతిలోకి ఎక్కించి క్లినిక్కులో రెండో బల్లకి బిగించా. మోచేతి దాకా ఉంటుంది, ఒంటి వేడి ఉంటుంది. మొదటి పరీక్ష మా కాంపౌండరు జక్రయ్య మీద. ఆ చెయ్యి అతని మణికట్టు పట్టుకుని వదల్లేదు. జక్రయ్య క్యాలెండరు చూశాడు, నన్ను చూశాడు, ఫ్యాను చూశాడు. మూడో నిమిషంలో, "సరే, రోజుకి పద్దెనిమిది బీడీలు" అన్నాడు. పెళ్ళానికి చెప్పిన లెక్క నాలుగు.

ప్రభుత్వం ఒప్పుకుంది. ఈ చెయ్యి పేషెంటుని పట్టి చూసి తెర మీద నోటు రాస్తే, ఎవరైనా డాక్టరు చదివి సంతకం పెడితే, అదీ ఆరు నిమిషాల పరీక్షే, అదే నూట పది. ఇంకో రూలు కూడా పెట్టారు, అరవై ఐదు నిండని మనిషి కార్డు గీకితే పరీక్ష జరిగినా జరగనట్టే, ఆ మనిషి వచ్చినా రానట్టే. ఒకసారి అరవై నాలుగేళ్ళ సుబ్బరాయుడు గారు మా వరండాలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆ రోజు వరండాలో ఎవరూ పడలేదని రికార్డయింది. ఆయన్ని నలుగురు మోసుకెళ్ళారు, రాని మనిషిని.

రెండు బల్లలయ్యాక డాక్టరు గారికి సగం టైం మిగలాలి కదా. మిగల్లేదు. ఆయన రోజుకి పాతికమందికి బదులు యాభైమందిని చూశారు. పర్చూరు నుంచి, ఇంకొల్లు నుంచి కూడా వచ్చేవారు. కరుణమ్మ గారు శనివారం వచ్చి, రెండు చేతులూ బిజీగా ఉండటం చూసి, నా వైపు తిరిగి, "రెండోది కూడా ఈయన లాంటిదే చేశావేమే" అంది.

ఆరు నెలలకి, ఒక మంగళవారం మధ్యాహ్నం, టోకెన్ పంతొమ్మిదిని చూస్తూ డాక్టరు గారు కుర్చీలోనే పోయారు. ఆరో నిమిషం దాటాకే పోయారు. ఆ నూట పదీ వచ్చింది.

* * *

రెండో బల్ల మీద చెయ్యి మాత్రం పనిచేస్తూనే ఉంది. చీరాల నుంచి డాక్టర్ నూర్జహాన్ గారు తెర మీద నోట్లు చదివి సంతకాలు పెట్టేవారు, అవసరమైతే తెర మీదే మాట్లాడేవారు. నేను ల్యాబుకి సెలవు పెట్టేసి క్లినిక్‌లోనే ఉండిపోయి, పేషెంట్లు పైకి చెప్పింది నోటుకి కలిపేదాన్ని. జక్రయ్య టోకెన్లు పిలిచేవాడు. ముసలివాళ్ళు వచ్చి, కార్డు గీకి, మణికట్టు ఇచ్చి కూర్చుని, క్యాలెండరుతో మాట్లాడి వెళ్ళేవారు. కోటయ్య గారైతే వెళ్ళేముందు దానికి దణ్ణం పెట్టేవారు. వాళ్ళకి ఇదొక్కటే. చీరాలలో మొటిమల డాక్టరు గుమ్మం మీద 'అరవై ఐదు దాటినవారికి ఖాళీల్లేవు' అని బోర్డే పెట్టాడు.

నెలన్నర గడిచాక ఒక సోమవారం జక్రయ్య టోకెన్ పిలవబోయి గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిది. కరుణమ్మ. అరవై ఐదు."

తలెత్తి చూశా. బెంచీ చివర మంచి చీర కట్టుకుని, కార్డు పట్టుకుని కూర్చునుంది. ఆవిడకి అరవై మూడు. నాకు తెలుసు, పుట్టినరోజు కేకు తెచ్చేది నేనే. ఆధార్ కేంద్రంలో వయసు తగ్గించమని గొడవపడే ఆడవాళ్ళని చూశా గానీ, పెంచమని మూడుసార్లు తిరిగిన ఆవిణ్ణి అక్కడి కుర్రాడు కూడా అదే మొదటిసారి చూడ్డమట.

"ఏంటమ్మా ఇది" అన్నా మెల్లగా.

"పేషెంట్నే. మోకాళ్ళు" అంది, నా వైపు చూడకుండా.

వెళ్ళి కూర్చుంది. కార్డు గీకింది. మణికట్టు పెట్టింది. చెయ్యి పట్టుకుంది. నాలుగు సెకన్లు. మణికట్టు మీద రెండుసార్లు తట్టింది, వదిలేసింది.

ఆవిడ ఇంకాసేపు మణికట్టు అలాగే ఉంచింది. చెయ్యి కదల్లేదు. లేచి వెళ్ళిపోయింది.

బుధవారం వచ్చింది. నాలుగు సెకన్లు, రెండు తట్లు. శుక్రవారం, అంతే. నేను మోటారు మార్చా. వేళ్ళ లోపలి తీగలు మార్చా. మిగతావాళ్ళనందరినీ ఆరు నిమిషాలూ బంగారంలా పట్టుకుంటోంది. ఈవిడ దగ్గరకొచ్చేసరికి తట్టి వదిలేస్తోంది. చివరికి తొడుగులో పాత రికార్డు తీసి, ఈవిడ నాడి ఎక్కడెక్కడ తగిలిందో వెతికా. డెబ్భై మూడుసార్లు తగిలింది. ప్రతిసారీ రెండు తట్లే. టైం చూస్తే అన్నీ పన్నెండూ నలభై, లేదంటే శనివారం నాలుగున్నర.

"పన్నెండూ నలభైకి ఏం జరిగేది జక్రయ్యా ఇక్కడ?"

"ఏముంది, అమ్మగారు క్యారేజీ తెచ్చేవారు" అన్నాడు. "సారు పేషెంటుతో ఉంటారుగా. క్యారేజీ బల్ల మీద పెట్టినప్పుడు పేషెంటుని ఎడంచేతికి మార్చి, అమ్మగారి మణికట్టు పట్టుకుని ఇలా తట్టి, నువ్వు పద, వస్తా అనేవారు. శనివారమూ అంతే."

తొడుగు నేను క్లినిక్‌లోనే వేయించా. ఇంటికి తీసుకెళ్తే పాడవుతుందని సాయంత్రం విప్పించి డబ్బాలో పెట్టేదాన్ని. దాంతో ఆ చేతికి కోటయ్య గారి గురించి నలభై గంటలు తెలుసు. పెళ్ళాం గురించి డెబ్భై మూడుసార్లు పంపించెయ్యడం తెలుసు.

ఈ సంగతి ఆవిడకి చెప్పాలా వద్దా అని వారం తన్నుకున్నా. అనవసరంగా తన్నుకున్నా. మొదటి రోజు మొదటి తట్టుకే ఆవిడకి తెలిసిపోయింది. అయినా సోమ, బుధ, శుక్రవారాలు మంచి చీర కట్టుకుని, టోకెన్ తీసుకుని, మోకాళ్ళని సాకు చెప్పి వస్తూనే ఉంది. ఇవాళైనా వదలరేమో అని.

మూడు నెలలైంది. ఇక నావల్ల కాలేదు. ఒక బుధవారం పొద్దున్న చేతి జ్ఞాపకంలోంచి ఆవిడ నాడి తీసేశా. పారెయ్యలేదు, పక్కన దాచా. నేను అల్లరిదాన్నే గానీ అంత తలకాయ లేనిదాన్ని కాదు.

ఆ రోజు టోకెన్ పదకొండు. ఆవిడ కూర్చుంది, గీకింది, పెట్టింది. చెయ్యి పట్టుకుంది. నాలుగు సెకన్లయింది. వదల్లేదు. కరుణమ్మ గారి వీపు బిగుసుకుంది. నిమిషమైంది. రెండయింది. అందరూ మాట్లాడ్డం మొదలుపెట్టే టైం. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. క్యాలెండరు చూడలేదు, ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆరో నిమిషం అయ్యాక చెయ్యి మెల్లగా వదిలింది. తలుపు వెనక నిలబడి ఎంత పొంగిపోయానో చెప్పలేను. దూది కుక్కిన రోజు కూడా అంత పొంగలేదు.

ఆవిడ లేచి నా దగ్గరకొచ్చింది.

"ఏమైందే ఈయనకి?"

"ఏం కాలేదమ్మా. బాగుచేశా. ఇవాళ ఆరు నిమిషాలూ పట్టుకుందిగా."

"కోటయ్య గారిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు."

"మరి అదేగా మీరు..."

"నేనెవరో తెలీలేదే ఆయనకి" అంది. గొంతు పైకి లేవలేదు, ఏడవనూ లేదు. పప్పులో ఉప్పు లేదన్నంత మామూలుగా అంది. "పరాయివాళ్ళ దగ్గర ఓపిగ్గా ఉంటారాయన. నేనైతే పొమ్మన్నా మళ్ళీ వస్తానని ధీమా. ఆ ధీమా లేదు ఇవాళ ఆ చేతిలో. ఏం తీసేశావో అది మళ్ళీ పెట్టెయ్."

"నాలుగు సెకన్లమ్మా అది. పొమ్మంటోంది మిమ్మల్ని."

"తెలుసులే. నాతో అన్నమాట నాకు తెలీదా. పెట్టెయ్."

పెట్టేశా. శుక్రవారం మళ్ళీ రెండు తట్లు. ఆవిడ ముఖంలో కొంచెం రంగొచ్చింది.

* * *

ఆ తర్వాత వారమే విజయవాడ నుంచి కాయితం వచ్చింది. ఒకే పేషెంటుకి ముప్పై ఎనిమిది పరీక్షలు, ఒక్కోటి నాలుగు సెకన్లు. వాటికి డబ్బులైతే రాలేదు, కార్డు గీకే యంత్రమే వాటిని తిప్పికొట్టింది. కానీ ముప్పై దాటి పొట్టి పరీక్షలుంటే ఆ చేతికిచ్చిన అనుమతి రద్దు. విచారణకి పరాంకుశం గారనే అధికారి శనివారం మధ్యాహ్నం వస్తారు.

బెంచీ మీద ఈ వార్త జక్రయ్య కన్నా ముందే పాకింది. శనివారం రెండింటికల్లా జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వచ్చి కూర్చున్నారు. కోటయ్య గారు ఉతికిన పంచె కట్టుకుని, టోకెన్ రెండు చేతుల్తో పట్టుకుని, "ఇది పోతే నేను బిళ్ళ వేసుకోను" అని అందరికీ వినపడేలా ప్రకటించారు. ప్రభుత్వం భయపడుతుందని ఆయన నమ్మకం.

పరాంకుశం గారు సన్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నారు. జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి బల్ల మీద పెట్టారు. "ముందు నేను చూస్తా" అని తనిఖీ కార్డు గీకి మణికట్టు పెట్టారు.

చెయ్యి పట్టుకుంది. ఆయన వాచీ చూశారు. తర్వాత క్యాలెండరు చూశారు. రెండున్నర నిమిషాలకి దగ్గారు.

"హోల్‌సేల్ అన్నది నేనే" అన్నారు.

కోటయ్య గారు బెంచీ మీద ముందుకి వంగారు.

"మీటింగులో సరదాకి అన్నా. అందరూ నవ్వారు. నవ్వి, రాసేసుకున్నారు. నూట అరవై ఉండేది అప్పుడు. మర్నాడు వెళ్ళి, అది జోకండీ అని చెబుదామనుకున్నా. మా పై ఆయనకి అప్పటికే ప్రశంసాపత్రం వచ్చింది." ఇంకొంచెం ఆగి, "నాకు భుజం నొప్పి కూడా ఉంది" అన్నారు.

ఆరో నిమిషం తర్వాత చెయ్యి వదిలింది. ఆయన వయసు యాభై తొమ్మిది. ఎవరూ రాలేదని యంత్రం రాసింది. ఆయన అది చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఇంకోసారి చదివారు.

"పని బాగానే చేస్తోంది. మరి ఈ కరుణమ్మ ఎవరు?"

"నేనేనండీ" అంటూ బెంచీ చివర్నుంచి ఆవిడ లేచింది. వచ్చి కూర్చుని, గీకి, మణికట్టు పెట్టింది. ఆయన వాచీ నొక్కారు. రెండు తట్లు. మళ్ళీ నొక్కారు. నాలుగు.

"ఏంటమ్మా ఇది?"

"నువ్వు పద, వస్తా అంటున్నారండి. మా ఆయన."

పరాంకుశం గారు పెన్ను తీసి పట్టుకుని చాలాసేపు మూత తియ్యలేదు. "దీనికి పట్టికలో గడి లేదమ్మా. అరవై ఐదు నిండిన పేషెంటు, నాలుగు సెకన్లు, ఇవాల్టితో ముప్పై తొమ్మిది సార్లు. నేను రాయకపోయినా అది రాసేసింది. అనుమతి ఉండదు."

నాకు ఇలాంటప్పుడు పనికొచ్చే అల్లరి ఒక్కటీ గుర్తురాలేదు. బెంచీ మీద కోటయ్య గారు టోకెన్ని సగానికి మడుస్తున్నారు.

"వయసు నిండని మనిషి వచ్చిందనుకోండి, ఏం రాస్తారండీ?" అంది కరుణమ్మ గారు.

"రాలేదని రాస్తాం."

"ఎన్నిసార్లు వచ్చినా?"

"ఎన్నిసార్లొచ్చినా రానట్టే."

ఆవిడ సంచిలోంచి మడత కాయితం తీసింది. చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం కాయితం, అంచులు పచ్చబడిపోయి ఉంది. "నాకు అరవై మూడండి. ఆ రోజుల్లో బళ్ళో చేర్చుకోవాలంటే మాస్టారు చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకోమనేవారు గదా. అందితే ఆరేళ్ళు, అందకపోతే ఇంటికి. నాకు నాలుగేళ్ళప్పుడే అందేసింది. పొడుగు చేతులు. ఆయన ఆరని రాసేశారు. మొదట్నుంచీ నా ఆధార్లో చర్చి తేదీయే ఉండేది. మొన్న నేనే బడి కాయితం చూపించి మార్పించా." చెయ్యెత్తి తల మీదుగా తిప్పి, అవతలి చెవి పట్టుకుని చూపించింది. ఇప్పటికీ బాగానే అందుతోంది.

పరాంకుశం గారు కాయితం చదివారు. చెవి వైపు చూశారు. మళ్ళీ కాయితం చదివారు.

"అంటే మీరు ముప్పై తొమ్మిదిసార్లు రాలేదు."

"రాలేదండి."

"కార్డు తీసేసుకోవాలి. నిండాక మళ్ళీ పెట్టుకోవాలి."

"రెండేళ్ళండి."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు. "ఇరవై నెలలే" అన్నారు, అదేదో ఆయన సొంత డబ్బుతో తగ్గించి ఇచ్చినట్టు మెల్లగా. కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. విచారణ ఫారంలో ఒక్క లైను రాశారు. పొట్టి పరీక్షలు లేవు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి భుజం ఒకసారి తిప్పుకుని చూసుకున్నారు.

నేను కరుణమ్మ గారి పక్కకి చేరి, చెవిలో, "నా దగ్గర తనిఖీ కార్డు లాంటిది చేసే విద్య ఉంది. వారానికొకసారి..." అన్నా.

"వద్దే. దొరికితే ఈసారి వీళ్ళందరికీ పోతుంది" అంది, బెంచీ వైపు చూస్తూ.

జక్రయ్య కొత్త గొంతుతో పిలిచాడు. "పన్నెండు. కోటయ్య."

కోటయ్య గారు వచ్చి మడతపడ్డ టోకెన్ ఇచ్చి, కార్డు గీకారు. చెయ్యి వెచ్చబడి వేళ్ళు సగం తెరిచింది. ఆయన మణికట్టు పెట్టబోయి, కరుణమ్మ గారిని చూసి ఆగారు. ఆవిడ వంగి, ఆ చేతి మీద రెండుసార్లు తట్టింది.

"ఉండండి. వస్తా" అంది.

ఆ చేతికి ఏం చెయ్యాలో తెలీలేదు. తట్టించుకోవడం దానికి నేను నేర్పలేదు, ఆయనా నేర్పలేదు. సగం తెరిచిన వేళ్ళతో అలాగే ఉండిపోయింది. కోటయ్య గారు కాసేపాగి, మర్యాదగా దగ్గి, మణికట్టు పెట్టారు.

గోడ మీద గడియారం నాలుగున్నర చూపిస్తోంది. శనివారం. కరుణమ్మ గారు సంచి భుజానికి తగిలించుకుని, "శేషూ, రామాపురం వస్తావా?" అంది.

ఇంకా పద్దెనిమిది టోకెన్లున్నాయి. నోట్లు చూడాలి. నూర్జహాన్ గారి తెర ఒకటి ఆగి ఆగి వస్తోంది. "మీరు పదండమ్మా, వస్తా" అన్నా.

అన్నాక వినపడింది.

ఆవిడ అలవాటైన మనిషి, తలూపి మెట్లు దిగుతోంది. నేను రెండో బల్ల వైపు చూశా. కోటయ్య గారు క్యాలెండరుతో మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టారు. ఆ చేతిని నేను చేసింది దేనికో అప్పుడు గుర్తొచ్చింది. జక్రయ్యకి తాళాలిచ్చి చెప్పులేసుకుని పరిగెత్తా.

ఆటోలో కరుణమ్మ గారు నా మణికట్టు పట్టుకుంది. రోడ్డు బాగాలేదని అనుకున్నా. బాగున్న చోట కూడా వదల్లేదు. పదహారు నిమిషాలు. పట్టిక ప్రకారం ఇద్దరు పేషెంట్లు, ఇంకో మనిషి మోకాళ్ళ దాకా.

బీచిలో పొత్తులమ్మే ఆవిడ కరుణమ్మ గారిని దూరం నుంచే చూసి ఒక పొత్తు నిప్పుల మీద పెట్టింది. నన్ను చూసి, కాస్త ఆలోచించి, రెండోది పెట్టింది. అలలు బాగా లోపలికొస్తున్నాయి. ఎండ తగ్గి నీళ్ళు మెరుస్తున్నాయి. నేను పంట్లాం మడుచుకుని పాదాలు తడుపుకుని, వెనక్కి తిరిగి చూశా.

కరుణమ్మ గారు ఇసకలో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉంది. సముద్రానికి వీపు పెట్టి, ఆటోలొచ్చే రోడ్డు వైపు చూస్తోంది.

"అమ్మా, సముద్రం ఇటు" అన్నా.

"తెలుసే" అంది.